నల్లరేగడి దారిలో ఒక తీరిక రోజు



హోసూరు నుంచి కన్యాకుమారికి సైకిలు మీద పోవాలంటే ఎవరినీ దారి అడగక్కర్లేదు. కర్నూలు, అనంతపురం మీదుగా దిగివచ్చి మన ఊళ్ల పక్కగా పోయే పెద్ద రోడ్డు ఉంది చూశారూ, ఒకప్పుడు 7వ నంబరు జాతీయ రహదారి అనేవాళ్లం, ఇప్పుడు 44వ నంబరు అంటున్నారు, దాన్ని పట్టుకుని దక్షిణంగా తొక్కుతూ పోవడమే. సేలం, కరూరు, దిండిగల్లు, మదురై వరుసగా వస్తాయి. మదురై దాటాక సుమారు 50 కిలోమీటర్లకు విరుదునగర్, అక్కడి నుంచి ఇంచుమించు అంతే దూరంలో కోవిల్‌పట్టి. ఆ ప్రయాణం మధ్యలో ఒక రోజు, తొందర లేకుండా, అక్కడి వాళ్లతో కలిసి ఊళ్లు చూసిన సంగతి ఈ పూట మీతో చెప్పుకుందామని వచ్చాను.

ముందు విరుదునగర్ మాట. సాయంత్రం చీకటి పడే వేళకు చేరాను. ఈ ఊరికి పాత పేరు విరుదుపట్టి. 1923లో విరుదునగర్ అయింది. మిరపకాయలు, పప్పులు, నూనెల వ్యాపారానికి పేరు. రాత్రయ్యేసరికి పరోటా కొట్ల ముందు జనం. మనవైపు పరోటాను పెనం మీద కాలుస్తారు కదా, ఇక్కడ ఏకంగా నూనెలో వేయిస్తారు. రోజంతా సైకిలు తొక్కినవాడికి అది అమృతమే అని అక్కడి వాళ్లన్నారు. నా కడుపు మాత్రం ఆ మాట ఒప్పుకోలేదు.

మరునాడు తెల్లవారుజామున బస్టాండు దగ్గర టీ తాగుతుంటే వెనక నుంచి తెలుగు వినిపించింది. తిరిగి చూస్తే రోడ్డు ఊడుస్తున్న ఇద్దరు ఆడవాళ్లు. అరుంధతీయులట. తరతరాలుగా ఇంట్లో తెలుగే. దక్షిణాదిన తెలుగువాళ్లు అనగానే మనం నాయక రాజుల గురించి, జమీందార్ల గురించి గొప్పగా చెప్పుకుంటాం. రాజపాళయం రాజుల గురించి, ఆ ఊరి నుంచి వచ్చి 1949 నుంచి 1952 వరకు మద్రాసు రాష్ట్రానికి ముఖ్యమంత్రిగా ఉన్న కుమారస్వామి రాజా గారి గురించి చెప్పుకుంటాం. చీపురు పట్టుకుని తెలుగు మాట్లాడే ఈ తల్లులను ఆ లెక్కలో ఎవరూ కలపరు. 2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా చెప్పుకున్నవాళ్లు నూటికి దాదాపు ఆరుగురు. ఆ ఆరుగురిలో వీళ్లూ ఉన్నారు.

విరుదునగర్‌లో మీరు తప్పకుండా చూడవలసింది కామరాజు గారి ఇల్లు. 1903 జూలై 15న ఆయన ఈ ఊళ్లోనే పుట్టారు. తొమ్మిదేళ్లు ముఖ్యమంత్రిగా చేసిన మనిషి ఇల్లు ఇంతేనా అనిపిస్తుంది. అయితే నన్ను అంతకంటే ఎక్కువగా ఆపేసింది మరొకరి పేరు. శంకరలింగనార్. 1956 జూలై 27న ఈ ఊళ్లోనే ఆయన నిరాహారదీక్షకు కూర్చున్నారు. కోరికలు పన్నెండు. వాటిలో ముఖ్యమైనది మద్రాసు రాష్ట్రానికి తమిళనాడు అని పేరు పెట్టాలన్నది. అక్టోబరు 13న మదురై ఆసుపత్రిలో కన్నుమూశారు. పేరు మారింది ఎప్పుడంటే 1969 జనవరిలో. మనకు పొట్టి శ్రీరాములు గారు 1952 డిసెంబరు 15న పోయారు. నాలుగేళ్లు తిరగకుండా ఇక్కడ ఈయన. ఒకరిది తెలుగు, ఒకరిది తమిళం, మార్గం ఒకటే. ఇద్దరి పేర్లూ ఒకే ఊపిరిలో చెప్పేవాళ్లు నాకు ఇంతవరకూ తగల్లేదు, సరిహద్దు మీద ఉన్న మనమైనా చెప్పుకోవాలి కదా.

విరుదునగర్ దాటాక నేల రంగు మారుతుంది. నల్లరేగడి. తమిళంలో కరిసల్ అంటారు. వానాధారం మీద పత్తి, మినుములు, సజ్జలు, మొక్కజొన్న. చెట్టు నీడ తక్కువ. వైప్పారు ఒడ్డున సాత్తూరు వస్తుంది. దోసకాయలకూ, కారసేవకూ పేరున్న ఊరు. ఒకప్పుడు కలాల పాళీలకు కూడా ఎంతో ప్రసిద్ధి. బాల్‌పెన్ను వచ్చాక ఆ పని పడిపోయింది.

కోవిల్‌పట్టి ఇంకా కొంచెం దూరం ఉందనగా ఒక టీకొట్టు దగ్గర ఆగి ఇంటికి ఫోను చేశాను. బాగానే ఉన్నాను, మోకాళ్లు మాత్రం నా మాట వినడం లేదు అని చెబుతున్నాను. బెంచీ మీద కూర్చున్న ఒక పెద్దమనిషి, అరవై దాటి ఉంటాయి, నేను ఫోను పెట్టేదాకా ఆగి, “మీది ఏ ఊరు? తెలుగు మాట్లాడతా ఉండారే!” అన్నాడు. హోసూరన్నాను. “మేమూ మనవాళ్లమే” అన్నాడు. అంతే. ఆ మాటతో నా సైకిలు పెద్ద రోడ్డు వదిలి వాళ్ల ఊరి మట్టిదారిలోకి తిరిగింది.

ఆ మట్టిదారి సంగతి చెప్పాలి. ముందురోజు రాత్రి చినుకులు పడ్డాయి. నల్లరేగడి తడిస్తే ఎట్లా ఉంటుందో మీలో వ్యవసాయం తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు. వంద గజాలు పోయేసరికి చక్రానికీ మడ్‌గార్డుకూ మధ్య మట్టి బిగుసుకుని సైకిలు నిలబడిపోయింది. ఆయన తన పాత సైకిలు దిగి, తుమ్మపుల్ల ఒకటి విరిచి, నా చక్రాన్ని గీకిపెట్టాడు. మళ్లీ యాభై గజాలు, మళ్లీ గీకుడు. చివరికి ఇద్దరం సైకిళ్లను భుజాన వేసుకున్నంత పని అయింది. “మా మట్టి మనిషిని సులభంగా విడవదు” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు.

ఇంట్లో ఆయన తల్లి ఉంది. ఎనభై దాటిన అవ్వ. నన్ను చూడగానే అడిగిన మొదటి మాట, “కూడు తింటివా నైనా?” అని. కూడు. ఈ మాట వినగానే నాకు చిన్నప్పటి ఇల్లు గుర్తొచ్చింది. మా అవ్వ కూడా కూడనే అనేది. బళ్లో ఒకసారి నేనట్లా అంటే అందరూ నవ్వారు. అన్నం అనాలన్నారు, కూడనేది మొరటు మాటన్నారు. ఆ రోజు నుంచి మానేశాను. ఇక్కడ ఈ అవ్వ నోట అది ఎంత మర్యాదగా వచ్చిందంటే, తిన్నాను అని అబద్ధం చెప్పడానికి కూడా మనసు రాలేదు. సజ్జ సంగటి, మజ్జిగ, చల్లమిరపకాయలు పెట్టింది.

నైనా అన్న ఆ పిలుపు మరొకరిని గుర్తుచేసింది. కోవిల్‌పట్టికి దగ్గరలోనే ఇడైసెవల్ అని ఒక పల్లె. అక్కడ 1923లో పుట్టిన కి. రాజనారాయణన్ గారిని తమిళ రచయితలంతా ‘నైనా’ అనే పిలిచేవాళ్లు. మన నాయనే అది. ఇంట్లో మాట్లాడింది తెలుగు, రాసింది తమిళం. అదీ పుస్తకాల తమిళం కాదు, ఈ నల్లరేగడి పల్లెల తమిళం. ఆ మాటలన్నీ పోగుచేసి ఒక నిఘంటువే తయారుచేశారు. 1976లో వచ్చిన ఆయన నవల ‘గోపల్ల గ్రామం’ మన కథే. ఉత్తరాది నుంచి ఆడపిల్లను కాపాడుకోవడానికి రాత్రికి రాత్రి కట్టుబట్టలతో బయలుదేరిన తెలుగు కుటుంబాలు, అడవి కొట్టి ఊరు కట్టుకున్న కథ. దాని తరువాయి ‘గోపల్లపురత్తు మక్కళ్’కు 1991లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. 2021 మేలో పుదుచ్చేరిలో ఆయన పోయారు. ప్రభుత్వ లాంఛనాలతో ఇడైసెవల్లోనే అంత్యక్రియలు జరిపారు.

రాత్రి అవ్వను అడిగాను, మీవాళ్లు ఎట్లా వచ్చారవ్వా అని. తురకలు తరుముకొస్తుంటే ఏరు అడ్డం వచ్చిందట. ఒడ్డున ఉన్న చెట్టు వంగి దారిచ్చిందట. వీళ్లు దాటగానే మళ్లీ నిటారుగా లేచిందట. కి.రా. నవలలో ఉన్నదీ ఇదే, వందేళ్ల క్రితం ఇంగ్లీషు దొరలు కంబళం నాయకర్ల దగ్గర విని రాసుకున్నదీ ఇదే. అవ్వ ఆ పుస్తకాలేవీ చదవలేదు. చరిత్ర పుస్తకాలేమో మరో రకంగా చెబుతాయి. విజయనగర సేనలతో వచ్చారని, 16వ శతాబ్దంలో మదురైలో విశ్వనాథ నాయకుడు పాలన నెలకొల్పాక 72 పాళెములుగా విడగొట్టి పాళెగాళ్లను పెట్టారని, వాళ్లలో తెలుగువాళ్లు చాలామంది అని. ఏలడానికి వచ్చినవాళ్ల కథ అది, పారిపోయి వచ్చినవాళ్ల కథ ఇది. రెండూ నిజమై ఉండవచ్చు. అవ్వ కథే నాకు దగ్గరగా అనిపించింది, ఎందుకంటే ఆ కథలో ఆడవాళ్లున్నారు.

మర్నాడు ఎక్కడికి తీసుకుపోవాలన్న దాని మీద ఇంట్లో పెద్ద చర్చ. కట్టబొమ్మన ఏలిన పాంచాలంకురిచ్చి చూపించి, కులదేవత జక్కమ్మ గుడికి తీసుకుపోవాలని ఒకరు. ఆయన్ను 1799 అక్టోబరు 16న ఉరితీసిన కయత్తారు ఎట్లాగూ రోడ్డు మీదే ఉంది, అది రేపు ఆయనే చూసుకుంటాడని ఇంకొకరు. కళుగుమలై వెళ్లాలని కోడలు. కళుగుమలై నిజంగానే గొప్పది. 8వ శతాబ్దపు పాండ్యుల కాలంలో, కొండను పైనుంచి కిందికి చెక్కుకుంటూ వచ్చి, సగంలో వదిలేసిన వెట్టువాన్ కోవెల ఉంది. అదే కొండ మీద వరసలు వరసలుగా జైన తీర్థంకరుల బొమ్మలున్నాయి. మీరు వెళితే దానికొక పూర్తి రోజు పెట్టుకోండి. చివరికి అవ్వే తీర్పు చెప్పింది. “ఆ బిడ్డ కాళ్లు చూడండిరా. ఒక్క ఊరు చూపించి తీసుకురాండి.” ఆ ఒక్క ఊరు ఎట్టయపురం.

ఎనిమిదో తరగతి చదివే మనవడు కూడా తన సైకిలు తీశాడు. కోవిల్‌పట్టి నుంచి ఎట్టయపురం పదిహేను కిలోమీటర్లకు అటూ ఇటూ ఉంటుంది. దారిలో ఆగని చోటు లేదు. కోవిల్‌పట్టిలో కడలై మిఠాయి చేసే చోట ముప్పావు గంట నిలబడ్డాం. మన చెనిక్కాయ పప్పు ఉండలకు అన్న లాంటిది. వేరుశనగలు వేయించి, పొట్టు తీసి, చెరిగి ఒకపక్క పెట్టుకుంటారు. బెల్లం పాకం పట్టడంలోనే ఉంది పని అంతా. తీగ సాగి, నీళ్లలో వేస్తే టక్కున విరగాలి. ఒక్క నిమిషం ముందైతే పళ్లకు అంటుకుంటుంది, ఒక్క నిమిషం ఆలస్యమైతే చేదెక్కుతుంది. పప్పు కలిపి బల్ల మీద పోసి, రోకలి లాంటి కర్రతో దొర్లించి, వేడి ఆరకముందే కోసేస్తారు. 2020లో దీనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకు చేయి కాలకుండా ముక్క తీసుకోవడం ఎట్లాగో నేర్పించారు. నాకు రాలేదు.

ఎట్టయపురం చిన్న ఊరు. 1882 డిసెంబరు 11న సుబ్రహ్మణ్య భారతి ఇక్కడ పుట్టారు. ఆ ఇంటిని, ఆయన పేర కట్టిన మణిమండపాన్ని చూడటానికి బడిపిల్లలు బస్సుల్లో వస్తుంటారు. మన తెలుగును సుందరమైనదని మెచ్చుకున్న కవి కాబట్టి మనమూ చేతులు జోడించాలి. ఇక్కడి పాళెగాళ్లూ తెలుగువాళ్లే. కట్టబొమ్మనదీ తెలుగిల్లే. ఆయన ఇంగ్లీషువాళ్లతో పోరాడితే వీళ్లు ఇంగ్లీషువాళ్ల పక్షాన నిలిచారు. అందుకని తమిళంలో ఎట్టప్పన్ అంటే ద్రోహి అనే అర్థం స్థిరపడిపోయింది. ఆ ఊళ్లో ఉండి ఆ మాట వాడకూడదని మనవడు నాకు ముందే జాగ్రత్త చెప్పాడు, తమిళంలో.

ఆ ద్రోహం మాట ఎలా ఉన్నా, అదే సంస్థానం చేసిన ఇంకొక పని ఉంది. దాని కోసమే నేను ఎట్టయపురం వెళ్లాలనుకున్నాను. ముత్తుస్వామి దీక్షితులు 1835లో దీపావళి రోజుల్లో ఇక్కడే దేహం చాలించారు. సమాధి ఉంది. ఆయన తమ్ముడు బాలుస్వామి దీక్షితులు ఈ ఆస్థానంలో విద్వాంసుడు. కర్ణాటక సంగీతంలోకి వయొలిన్‌ను తెచ్చినవాడని పేరు. బాలుస్వామి మనవణ్నే దత్తత చేసుకున్నారు. ఆ దత్తపుత్రుడు సుబ్బరామ దీక్షితులు. వయసు మళ్లాక, ఎ.ఎం. చిన్నస్వామి ముదలియారు అనే క్రైస్తవ పెద్దమనిషి వెంటపడి ప్రోత్సహిస్తే, తమ ఇంటి పరంపరలో దాగి ఉన్న కృతులనూ, గమకాలనూ, లక్షణాలనూ కాగితం మీద పెట్టారు. ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ అని ఆ గ్రంథం పేరు. 1904లో ఎట్టయపురంలోనే, విద్యావిలాసిని ముద్రాక్షరశాలలో అచ్చయింది. సుమారు 1700 పేజీలు.

శ్రోతలారా, అది ఏ లిపిలో అచ్చయిందో తెలుసా? తెలుగు లిపిలో. రాసినాయన ఇంటి భాష తమిళం, ఊరు తమిళ దేశం నడిబొడ్డు. అయినా ఆ రోజుల్లో సంగీతానికి తెలుగే రాతభాష. గమకాలకు గుర్తులు కూడా కొత్తగా పోయించి, ఈ నల్లరేగడి ఊళ్లో కూర్చుని ఒక్కొక్క తెలుగు అక్షరం ఏర్చి కూర్చారు కంపోజిటర్లు. దీక్షితుల సమాధి దగ్గర కూర్చుని ఈ సంగతి మా అన్నకు, అప్పటికే ఆయన్ను అన్నా అని పిలుస్తున్నాను లెండి, చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తరువాత అన్నాడు, “మా ఊళ్లల్లో తెలుగు అక్షరం ఉండెనా? నేను చూడనే లేదే.” అరవై దాటిన మనిషి. పుట్టినప్పటి నుంచి తెలుగు తప్ప ఇంట్లో వేరే మాట ఎరగడు. తెలుగు అక్షరం ఎట్లా ఉంటుందో సినిమా పోస్టర్ల మీద తప్ప చూడలేదు.

మన సరిహద్దు జిల్లాల్లో మనకు తెలుగు బళ్లున్నాయి. 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చి, ఒకటో తరగతి నుంచి మొదలుపెట్టి పది దాకా తమిళం తప్పనిసరి అయ్యాక మనం ఎంత గొడవ పడ్డామో, ఎన్ని అర్జీలు పెట్టామో మీకు గుర్తే. ఈ పిల్లవాడి బళ్లో పోగొట్టుకోవడానికి కూడా తెలుగు లేదు. వాళ్ల నాయనమ్మ కాలంలోనూ లేదు. అయినా నాలుగైదు వందల ఏళ్లుగా నోట నిలుపుకున్నారు. మనం గొప్పా, వాళ్లు గొప్పా అన్న ప్రశ్నకు నేను పోను.

ఇల్లు చేరేసరికి దీపాలు పెట్టారు. అక్షరాల సంగతి అన్న చెప్పగానే అవ్వ లేచి కూర్చుంది. “అయితే నా పేరు రాయి నైనా” అంది. రాయడానికని అన్న పెట్టెలోంచి ఒక పాత కలం తీశాడు. సాత్తూరు పాళీ. సిరా మాత్రం ఇంట్లో చుక్క లేదు. మనవడు బాల్‌పెన్ను, లెక్కల నోటుబుక్కు తెచ్చాడు.

అవ్వ పేరు రాశాను. తరువాత ఇంటిపేరు రాయమంది. తమిళనాట కాగితాల్లో ఇంటిపేరు ఉండదని మీకు తెలుసు. తండ్రి పేరో మగని పేరో మొదటి అక్షరం, అంతే. పెళ్లి సంబంధాలు చూసేటప్పుడే ఇంటిపేరు బయటికొస్తుంది. ఆ పేరేమిటో ఇక్కడ చెప్పను, అది వాళ్లది. మనవడు ఒక పాత పెళ్లిపత్రిక తెచ్చి, దాంట్లో తమిళంలో అచ్చయిన ఇంటిపేరు చూసి చదివాడు. నేను విన్నట్టే ‘క’తో మొదలుపెట్టి రాశాను. పైకి చదివి వినిపించాను.

“అది మా ఇల్లు కాదు” అంది అవ్వ.

మళ్లీ చెప్పమన్నాను. చెప్పింది. ‘గ’. తమిళ లిపిలో క, గ రెంటికీ ఒకే అక్షరం. త, ద లకూ అంతే, ప, బ లకూ అంతే. మాట మొదట్లో వస్తే తమిళం చదివేవాడు కఠినంగానే పలుకుతాడు. చదువుకున్న మనవడి నోట ఇంటిపేరు అప్పుడే మారిపోయింది. చదువు రాని అవ్వ నోట ఉన్నది ఉన్నట్టు ఉంది. అన్న నాకేసి చూశాడు, నేను ఆయనకేసి చూశాను. ఆయన ఇన్నాళ్లూ ఏ విధంగా పలుకుతున్నాడో ఆయనకే అనుమానం వచ్చినట్టుంది. రెండుసార్లు లోలోపల అనుకున్నాడు.

కొట్టేసి ‘గ’ పెట్టాను. చదివాను. అవ్వ తలూపింది. ఆ తరువాత, “మా అమ్మ పేరు కూడా రాయి” అంది. ఆమె తల్లి పేరు రేషను కార్డుకు అందలేదు, ఓటర్ల జాబితాకు అందలేదు. ఏ భాషలోనూ ఎవరూ రాయలేదట. రాశాను. ఆ కాగితం చింపి, నాలుగు మడతలు పెట్టి, వక్కాకు సంచిలో పెట్టుకుంది. ఇంకేమీ అనలేదు. కూడు చల్లారిపోతా ఉందని కోడలిని కేకేసింది.

తెల్లవారి బయలుదేరాను. ఈసారి దారి ఎండి ఉంది. మనవడు పెద్ద రోడ్డు దాకా నా పక్కనే తొక్కుకుంటూ వచ్చాడు. సంచిలో కడలై మిఠాయి పొట్లాలు పెట్టాడు. ఆ ఇంట్లో ఉన్న రెండు రాత్రులూ నాతో తమిళమే మాట్లాడాడు. నేను తెలుగులో అడగడం, వాడు తమిళంలో చెప్పడం. నాకేం ఇబ్బంది లేదు, మన ఇళ్లల్లోనూ పిల్లలతో ఇదే కదా తంతు. రోడ్డెక్కే చోట సైకిళ్లు ఆపాం. నా మడ్‌గార్డు మీద మొన్నటి మట్టి ఎండి అట్టకట్టి ఉంది. వాడు వంగి, దాని మీద వేలుగోటితో ఏదో గీశాడు. చూస్తే ‘గ’. తలకట్టు మరిచిపోయాడు. పైన ఇంకా ఒకటి ఉందిరా అన్నాను. “ఎక్కడ?” అన్నాడు, తెలుగులో. చూపించాను. పెట్టాడు.

కయత్తారు వైపు ఎదురుగాలి బలంగా ఉంది. తొక్కడం మొదలుపెట్టాను.